హొంచార్ ఇంటి ఆవం

"కన్నకూతురై ఉండి ఒక్క చుక్క రాల్చలేదు, చూశావా?"

"రాయి. అచ్చంగా రాయి."

గుమ్మం పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు గొంతు తగ్గించారు. కానీ ఉల్యానాకు వినబడేంత వరకే తగ్గించారు.

ఆమె తలెత్తలేదు. దేవుడి పటాల కింద బల్ల మీద, కాళ్ళు గుమ్మం వైపు పెట్టి పడుకోబెట్టిన తండ్రి చేతుల్నే చూస్తోంది. గోళ్ళ సందుల్లో మన్ను అలాగే ఉంది. శవానికి స్నానం చేయించిన ముసలమ్మలు ఎంత రుద్దినా అది పోలేదు.

ఏడవాలని ఆమెకూ ఉంది. గొంతెత్తి శోకం పెట్టాలి. మమ్మల్ని ఎవరికి అప్పగించి పోయావు నాన్నా అని అడగాలి. అనాల్సిన మాటలన్నీ ఆమెకు తెలుసు. నోటిదాకా వస్తున్నాయి కూడా. నమలని రొట్టెముక్కలా అక్కడే ఉండిపోతున్నాయి.

నిన్న సాయంత్రం నుంచీ ఇదే వరస. ఆ ముసలాడు ఎవరినీ అడగకుండా లోపలికి వచ్చి, శవం మొహం మీది గుడ్డ తొలగించి, "ఓహో! పాలీ ఇక్కడ దాక్కున్నాడన్నమాట" అన్నప్పటి నుంచీ.

పాలీ. తగలబెట్టినవాడు.

ఓరీల్ నది ఒడ్డున ఈ కొత్త పల్లె కట్టిన నాటి నుంచి ఉల్యానా తండ్రిని ఎవరూ అలా పిలవలేదు. అందరికీ ఆయన స్విరిద్ హొంచార్. అంటే కుమ్మరి స్విరిద్. ఇల్లు హొంచార్ ఇల్లు. ఇంటివెనక ఎర్రమట్టి దిబ్బ హొంచార్ దిబ్బ. ముసలాడు ఆ మాట అన్నప్పుడు ఇంట్లో ఉల్యానా, ఆమె తల్లి ప్రీస్కా, భర్త లావ్రిన్ తప్ప మరెవరూ లేకపోవడం అదృష్టం.

ముసలాడి పేరు నిచిపీర్. తల్లిదండ్రులు ఒకప్పుడు బతికిన వోర్స్క్లా నది ఒడ్డు ఊరి నుంచి వచ్చాడు. గడ్డివామిలో పడుకుని లేచి, పొద్దుట్నించీ పెరట్లో కుండలు కాల్చే ఆవం చుట్టూ తిరుగుతున్నాడు.

ఆవం నిండుగా ఉంది.

గుండె పట్టుకుని కూలిపోయే ముందు స్విరిద్ చేసిన ఆఖరి పని అదే. పచ్చికుండలన్నీ వరసలు వరసలుగా పేర్చి, పైన పెంకులు కప్పాడు. అంటించడం ఒక్కటే మిగిలింది. బయట చూస్తే ఆకురాలు కాలపు మంచు. ఇంకాస్త ఆలస్యమైతే కుండలు చెమ్మ పీల్చి, ఒకదాని మీద ఒకటి కూలి, మళ్ళీ మన్నైపోతాయి.

పేర్చిన చెయ్యే అంటించాలి. అది కుమ్మరుల కట్టుబాటు. పేర్చినవాడు పోతే, అతన్ని మట్టిలో పెట్టి వచ్చాక ఆ ఆవాన్ని ఎవరు అంటిస్తే వాళ్ళదే ఆవం. కుండలు తిప్పే సారె వాళ్ళది, మట్టిదిబ్బ వాళ్ళది. చచ్చినవాడి పేరూ వాళ్ళదే.

ఉల్యానా లేచింది.

"ఎక్కడికే?" అంది ప్రీస్కా, కొవ్వొత్తి దగ్గర నుంచి తల తిప్పకుండానే.

"ఆయన దగ్గరికి."

"పొద్దున అడిగావుగా."

"మళ్ళీ అడుగుతాను."

*

లావ్రిన్ బండ్ల పాకలో శవపెట్టె మూతకి చిత్రిక పడుతున్నాడు. భార్య అడుగుల చప్పుడు విన్నా పని ఆపలేదు. చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా అతని కాళ్ళ మీద రాలుతోంది.

"పెట్టె అయిందా?"

"మూత మిగిలింది."

"మట్టి ఇచ్చి వచ్చాక నువ్వే అంటించాలి లావ్రిన్."

"చెప్పాను కదా."

"మళ్ళీ చెప్పు."

"అంటించను."

చిత్రిక ఇంకోసారి ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళింది. ఉల్యానా కదలలేదు. చివరికి అతనే పనిముట్టు పక్కన పెట్టాడు.

"ఎనిమిదేళ్ళు ఈ ఇంట్లో మన్ను తొక్కాను. మీ నాన్న మంచివాడే. కాదనను. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కానీ ఊళ్ళో నన్నేమంటారో తెలుసుగా? హొంచార్ ఇంటి ఇల్లరికం! నా పేరు లావ్రిన్ అని గుర్తున్నవాళ్ళు ఎంతమంది?"

"అనేవాళ్ళు అంటారు."

"మా నాన్న బండ్లు చేసేవాడు. ఆయన బిగించిన చక్రాలు ఉప్పు కోసం క్రిమియా దాకా వెళ్ళివచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి దారిలో ఊడలేదు. బండ్లవాడు స్తెల్మాఖ్ అంటే మా వైపు లేచి నిలబడేవాళ్ళు. ఆయనకి నేనొక్కణ్ణే. ఆ ఆవానికి నిప్పు పెట్టానా, రేపట్నించి నేను హొంచార్ని. నీ కడుపులో ఉన్నవాడు హొంచార్ కొడుకు. మా నాన్న పేరు ఇంకెవరి నోటా రాదు. ఆయన్ని ఇంకోసారి చంపినట్టే."

"నువ్వు అంటించకపోతే ఆ ముసలాడు అంటిస్తాడు."

"అంటించుకోనీ."

"అమ్మ ఎక్కడికి పోతుంది?"

"మనతో వస్తుంది. మా ఊరు పోదాం. బండి నేను చేస్తాను."

"మీ ఊళ్ళో మనకేముంది? కూలిపోయిన పాక. చలికాలం ముందర, ఈ కడుపుతో, ఆ ముసలిదాన్ని వెంటేసుకుని వెళ్ళి అందులో కూర్చుందామా?"

అతను చెక్కని అరచేత్తో నెమ్మదిగా తడిమాడు, ముళ్ళేమైనా మిగిలాయా అని చూస్తున్నట్టు.

"కసితీరా తిట్టు," అన్నాడు ఉన్నట్టుండి. "ఏడువు. చేతికందింది తీసి నా మీద విసురు. ఇలా చూడకే. నువ్విలా చూస్తుంటే నాకు భయమేస్తోంది."

ఉల్యానా కాస్త ఆలోచించి నిజమే చెప్పింది.

"నాకేమీ అనిపించడం లేదు లావ్రిన్. నాన్న పోయినా అనిపించలేదు. నువ్వు కాదన్నా అనిపించడం లేదు. చేతులు చన్నీళ్ళలో చాలాసేపు ఉంచితే ఎలా ఉంటుందో, అలా ఉంది లోపలంతా."

లావ్రిన్ మొహం తెల్లబోయింది. ఆమె తిట్టినా అతను అంతగా దెబ్బతినేవాడు కాదు. మళ్ళీ చిత్రిక అందుకుని, అప్పటికే నున్నగా ఉన్న చెక్కని ఇంకా నున్నగా చేయసాగాడు.

*

నిచిపీర్ ఆవం మీది పెంకు ఒకటి పక్కకి జరిపి, లోపలికి తొంగిచూస్తున్నాడు.

"దాన్ని ముట్టుకోకు," అంది ఉల్యానా.

"చూపుతో ముట్టుకుంటున్నాను. అంతే." ముసలాడు పెంకుని జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టాడు. "బాగా పేర్చాడు. పెద్దవి కింద, మూతి మీద మూతి, మధ్యన మంట ఆడటానికి దారి. ఇది మా వీధి పేర్పు. ఎక్కడ చూసినా గుర్తుపడతాను."

"ఏం కావాలి నీకు?"

"నీకు తెలుసు."

"మా నాన్నని ఇంకా మట్టిలో కూడా పెట్టలేదు పెద్దయ్యా."

"అందుకే ఆగాను. లేకపోతే పొద్దున్నే అంటించి ఉండేవాణ్ణి." నిచిపీర్ కట్టెల మొద్దు మీద కూర్చున్నాడు. బక్కమనిషి. వేళ్ళు మాత్రం లావుగా, కణుపులు కట్టి ఉన్నాయి. "హొంచార్ అట! నవ్వొస్తుంది. మా ఊళ్ళో ఆ పేరు ఎవరికీ లేదు, తెలుసా? ఎలా ఉంటుంది? అందరం కుమ్మరులమే అయితే ఎవర్ని కుమ్మరి అని పిలుస్తారు? మమ్మల్ని చెవిటోళ్ళు అనేవాళ్ళు. పక్కింటివాళ్ళు కాకులు. మీ అమ్మ పుట్టింటివాళ్ళు ఎర్రజుట్టోళ్ళు. ఊరు దాటి, కుమ్మరన్నవాడు లేని చోటికి పోయి కూర్చుంటే, అప్పుడు పుడుతుంది ఈ పేరు."

"అయితే ఏంటి?"

"ఏంటంటే... ఎవరూ కావాలని ఊరు దాటలేదు పిల్లా." అతని గొంతులో కోపం లేదు. అరిగిపోయిన గొంతు. "మీ తాతని, ఆ ఎర్రజుట్టు ముసలాయన్ని, మట్టిలో పెట్టిన రోజు. ఆవం నిండుగా ఉంది. గాలి ఊళ వేస్తోంది. ఆ గాలిలో ఆవం అంటించే కుమ్మరి భూమ్మీద ఉండడు. మీ నాన్న అంటించాడు. వీధి వీధంతా పోయింది. మా అమ్మ ఇంట్లోనే ఉంది. నడవలేకపోయేది."

ఎక్కడో ఆవు అరిచింది. ఇంట్లో ఎవరో శోకం ఎత్తుకున్నారు, మళ్ళీ ఆపేశారు.

"ఆ చలికాలం లోపలే వీధి ఖాళీ అయింది. ఎవరికి తోచిన దిక్కుకి వాళ్ళు పోయారు. నేను పై వీధిలో కూలికి మన్ను తొక్కుతూ ఉండిపోయాను. నడుం వంగాక, చచ్చేలోపు నాకంటూ ఒక సారె ఉండాలని బుద్ధి పుట్టింది. బయల్దేరాను. సమారా నది ఒడ్డున కొత్త పల్లె ఉందంటే వెళ్ళాను. అక్కడ హొంచార్ ఉన్నాడు. ఎవరు? మా పక్కింటి కాకి కొడుకు! ఉప్పుబండ్ల దారిలో ఇంకో పల్లె. అక్కడా హొంచారే. మా పెదనాన్న మనవడు. నన్ను చూసి కుక్కని వదిలాడు. ఇంకా కిందికి పోయాను. అక్కడా అంతే. ఊరికొక హొంచార్, ఒకరికొకరు ఏమీ కానట్టు. వాళ్ళ పిల్లలకైతే అసలు తెలియనే తెలియదు. మీ నాన్న పెట్టిన ఒక్క నిప్పు మమ్మల్ని ఈ గడ్డిమైదానం నిండా విత్తనాల్లా చల్లింది."

ముసలాడు కాలి దగ్గరున్న కట్టెపేడుని పక్కకి తోశాడు.

"పల్లెకి ఒక్క కుమ్మరి చాలు. నేను వెళ్ళిన ప్రతిచోటా ఒకడు ముందే కూర్చుని ఉన్నాడు. ఇక్కడ మాత్రం..."

"ఇక్కడా ఉన్నాడు."

"ఎవరు? నీ మొగుడా? అంటించనన్నాడుగా. మా ఇంటిపేరే చెవిటోళ్ళు. నా చెవులు బాగానే పనిచేస్తాయి."

ఉల్యానా అతను కదిపిన పెంకుని సరిగ్గా కూర్చుందో లేదో చేత్తో నొక్కి చూసింది.

"నేను దుర్మార్గుణ్ణి కాదు. నేను అంటిస్తాను. మీరు ముగ్గురూ ఇంట్లోనే ఉండండి, నాకు పొయ్యి పక్కన చోటు చాలు. నీ మొగుడు మన్ను తొక్కుతాడు, మీ అమ్మ నాలుగు మెతుకులు పెడుతుంది. మీ నాన్న సంగతి నాతోనే మట్టిలోకి పోతుంది. కాదూ కూడదంటే..." ముసలాడు ఊరి వైపు చూశాడు. మంచులోంచి గడ్డికప్పులు ఒకటి వెనక ఒకటి నల్లగా కనబడుతున్నాయి. "భోజనాల దగ్గర మీ ఊరిపెద్ద ఉంటాడుగా. ఈ ముప్ఫై ఏళ్ళూ ఎవడి పక్కన నిద్రపోయారో అతనికి చెబుతాను."

*

ఉల్యానా లోపలికి వచ్చింది. నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అంచు విరిగిన కుండ ఒకటి తీసుకుని, బూడిద పక్కకి నెట్టి, నిప్పులు అందులోకి తోడింది.

ఏం చేస్తున్నానని ఆమె తనను తాను అడుక్కోలేదు. నాన్న ఇంకా ఇల్లు దాటలేదని గుర్తు రాలేదు. ఆవం ఉంది. నిప్పు ఉంది. అంటించడానికి చేతులున్నాయి. ఇంతే తోచింది. కుండ వేడి అరచేతులకి తగులుతున్నా చురుక్కుమనలేదు.

పెరటి గుమ్మం దాటుతుండగా ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు.

ప్రీస్కా. కొవ్వొత్తి దగ్గర నుంచి పొద్దుట్నించీ కదలని మనిషి.

"దించు."

"వదులమ్మా. ఆయన చెయ్యడు. ముసలాణ్ణి చెయ్యనివ్వను. ఇక నేనేగా మిగిలింది."

"దించమన్నానా!"

తల్లి చెయ్యి విసురుగా వచ్చి కుండకి తగిలింది. అది ఎగిరి గుమ్మం బయట పడి పగిలింది. తడినేల మీద నిప్పులు చుయ్యిమన్నాయి. ప్రీస్కా ఒక్కొక్క నిప్పునీ వెతికి వెతికి చెప్పుకాలితో తొక్కి ఆర్పింది. ఆఖరిది ఆరిపోయాక కూడా దాని మీద నుంచి కాలు తీయలేదు.

"నీ చేత్తో వద్దు," అంది. "ఎవరి చేత్తోనైనా సరే. నీ చేత్తో వద్దు."

"ఎందుకు?"

"భోజనాల దగ్గర చెబుతాను."

"ఇప్పుడు చెప్పు."

ప్రీస్కా లోపలికి, బల్ల మీద పడుకున్న మనిషి వైపు చూసింది.

"ఆయన ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన వినగా చెప్పనని మాటిచ్చాను."

*

శవపెట్టెని గుమ్మానికి మూడుసార్లు తాకించి బయటికి తెచ్చారు. ఇంటికి స్విరిద్ చెప్పే వీడ్కోలు అది. పాదిరి ముందు నడిచాడు. గుంత దగ్గర అందరూ తలో పిడికెడు మన్ను వేశారు. ఉల్యానా కూడా వేసింది. తడిమన్ను. వేశాక వేళ్ళు తుడుచుకోబోయి, తుడుచుకోకుండా వదిలేసింది.

తిరిగొచ్చేసరికి బల్లలు వేసి ఉన్నాయి. చనిపోయినవాళ్ళ పేరిట భోజనం కాబట్టి కత్తులు లేవు, చెక్క చెంచాలే. ముందు తేనె కలిపిన గోధుమలు, తలా మూడు చెంచాలు. తరవాత బీట్‌దుంపల పులుసు, బోర్ష్. తరవాత సారా.

ఊరిపెద్ద తెరెంతీ మీసాలు తుడుచుకున్నాడు. ఒకప్పుడు గుర్రమెక్కి యుద్ధాలు చేసినవాడు. ఇప్పుడు కూర్చోవాలన్నా లేవాలన్నా మూలుగుతాడు.

"స్విరిద్ ఆత్మకి శాంతి. మంచి కుమ్మరి. అతని కుండ పగిలితే అది పిల్లి తప్పే గాని కుండ తప్పు కాదు." బల్ల చుట్టూ సన్నగా నవ్వారు. "ఇక బతికున్నవాళ్ళ సంగతి. క్యాబేజీ ఊరబెట్టడానికి జాడీలు లేవని మా ఇంటావిడ నన్ను ఊరబెట్టేట్టుంది. ఆవం నిండుగా ఉంది. కట్టుబాటు మీకు తెలుసు. మాకు హొంచార్ ఎవరు?"

అందరూ లావ్రిన్ వైపు చూశారు.

లావ్రిన్ గిన్నెలోకి చూశాడు.

నిచిపీర్ చెంచా నాకి, శుభ్రంగా తుడిచి, గొంతు సవరించుకున్నాడు.

"కొత్తవాణ్ణి. ఒక్క మాట చెప్పుకోవచ్చా పెద్దా?"

"చెప్పు."

"కూర్చో నిచిపీర్," అంది ప్రీస్కా. "నీకు తెలిసింది సగమే."

ఆమె లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది. కేకలు లేవు, కన్నీళ్ళు లేవు. పప్పు ఉడికిందో లేదో చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

"మా నాన్న పోయిన రోజు కూడా ఆవం నిండుగానే ఉంది. మా ఆయన ఇల్లరికపు అల్లుడు. కుండలు సంతలకి తోలే బండివాడు. అంటించమన్నాను. గాలి తగ్గాక చూద్దాం అన్నాడు. నీకు మా ఇంటిపేరు వద్దు, అదీ అసలు సంగతి అన్నాను. మా చిన్నాన్న ఆవం కోసం కాచుకుని ఉన్నాడు. మగవాళ్ళు ఇంకా శ్మశానంలో ఉన్నారు. నేనొక్కదాన్నే ముందొచ్చాను. కాగడా ముట్టించి ఆవంలో పెట్టాను."

చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"ఆయన పరిగెత్తుకొచ్చేసరికి మూడో ఇల్లు అంటుకుంది. నా చేతిలో కాగడా లాక్కున్నాడు. జనం వచ్చి చూసేసరికి అది ఆయన చేతిలో ఉంది. అంతే. ఆ వీధినీ మీ అమ్మనీ తగలబెట్టింది నేను, నిచిపీర్. పాలీ ఆయన కాదు."

నిచిపీర్ నోరు తెరిచే ఉంది. చెంచా పట్టుకున్న చెయ్యి బల్ల మీదికి జారింది.

"నేను చూశాను," అన్నాడు. "వాడి చేతిలో కాగడా నా కళ్ళతో చూశాను."

"చూశావు."

"రోజూ వాణ్ణి తిట్టుకునే పడుకున్నానే. ముప్ఫై ఏళ్ళూ. దేవుడి పటం ముందు కూడా తిట్టానే."

"తెలుసు. ఆయనకీ తెలుసు. తిట్టుకోనీ, వాడికి ఇంకేం మిగిలింది అనేవాడు."

ప్రీస్కా పక్కన కూర్చున్న ఆవిడ బల్ల మీద కాస్త అవతలికి జరిగింది. కాస్తే. గుమ్మం దగ్గర ఎవరో అన్నారు, ఈసారి గొంతు తగ్గించకుండా: "ఈవిడ పెరడు పక్కనా నేను పిల్లల్ని పడుకోబెట్టుకుంటున్నది! గడ్డికప్పుల కింద!"

"కూతురు ఏడవలేదంటే మరి? ఇంటినిండా దాచుకున్నవే అయితే ఏడుపొక్కటి ఎక్కణ్ణించి వస్తుంది?"

"నోళ్ళు మూయండి," అన్నాడు తెరెంతీ. ఊరిపెద్ద మొహంలో నవ్వు లేదు. చాలాసేపు ప్రీస్కాను చూసి, నిచిపీర్ వైపు తిరిగాడు. "కాలింది నీ ఇల్లు. పోయింది నీ తల్లి. ఈ ఇంటి ఆవం వెలగాలా వద్దా, నువ్వే చెప్పు. వద్దంటే ఈ పూటే కుర్రాళ్ళ చేత పడగొట్టిస్తాను. కుండలు ఇంకెక్కడైనా కొనుక్కుంటాం."



ముసలాడు చెంచాని బోర్లా పెట్టాడు. లేచాడు. ఎవరినీ చూడకుండా, బల్లకీ గోడకీ మధ్య ఇరుకులోంచి, వీపు గోడకి రాసుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

కాసేపటికి గొడ్డలి చప్పుడు మొదలైంది.

"పడగొడుతున్నాడు," అన్నారెవరో.

"మట్టిగోడ మీద గొడ్డలి అలా మోగదు," అంది ప్రీస్కా. "కట్టెలు చీలుస్తున్నాడు. అంటించబోతున్నాడు."

అంటే అయిపోయింది. స్విరిద్ మట్టిలోకి వెళ్ళాడు. ఇక ఎవరు ముందు నిప్పు పెడితే వాళ్ళదే. ఉల్యానా తన చేతులవైపు చూసుకుంది. తల్లి వద్దన్న చేతులు. అవి ఒళ్ళో, ఇంకెవరివో అన్నట్టు, ఊరికే ఉన్నాయి. ఈ ఇల్లు పోతోందని ఆమెకు తెలుస్తోంది. తెలియడం తప్ప ఇంకేమీ జరగడం లేదు.

"అత్తా," అన్నాడు లావ్రిన్.

అతను గొంతు విప్పడం భోజనాలు మొదలయ్యాక ఇదే.

"మామని పాలీ అన్నారు కదా, ఆ ఊరు వదిలే ముందు. ఆయన కాదనలేదా? ఒక్కసారైనా?"

"లేదు."

"ఇక్కడికొచ్చాక హొంచార్ అన్నప్పుడు?"

ప్రీస్కా బల్ల అంచు వదిలి కూర్చుంది.

"మొదట అన్నది ఎవరో బండివాడు. ఏమోయ్ హొంచార్, నీళ్ళకుండ ఉందా అన్నాడు. ఈయన కుండ ఇచ్చి పంపించి, పాక వెనక్కి వెళ్ళి ఏడ్చాడు. ఆ పేరు నీది ప్రీస్కా, నేను ఊరికే మోస్తున్నాను అన్నాడు."

లావ్రిన్ చేతిలోని రొట్టె పూర్తిగా తిని, ముక్కలు దులుపుకుని లేచాడు. భార్య పక్క నుంచి వెళుతూ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండా ఆగిపోయాడు. గుమ్మం వెనక ఉన్న తన గొడ్డలి తీసుకున్నాడు. వాళ్ళ నాన్నది అది. బండి ఇరుసులు చెక్కే గొడ్డలి.

"లావ్రిన్," అంది ఉల్యానా. "ఎందుకు వెళుతున్నావు?"

"తెలియదు," అన్నాడు అతను. వెళ్ళిపోయాడు.

ఇప్పుడు రెండు గొడ్డళ్ళు వినిపిస్తున్నాయి. ఒకటి తేలిక, ఒకటి బరువు. ఒకదాని తరవాత ఒకటి.

"ఇద్దరూ కొడుతున్నారు," అన్నాడు తెరెంతీ ఊపిరి వదులుతూ. "మగవాళ్ళ తగువు కట్టెల మీద తీరితే మంచిదే. ఆ సారా ఇటు ఇవ్వండి."

బరువు చప్పుడు ఆగింది.

తేలికది ఇంకొక్క దెబ్బ వేసి, అదీ ఆగింది.

తెరెంతీ గిన్నె నోటిదాకా వచ్చి నిలిచిపోయింది. కేక లేదు. మాట లేదు. ఒక మనిషి ఇంకో మనిషిని తోస్తే వచ్చే చప్పుడు కూడా లేదు.

పెరటి గుమ్మంలోంచి పొగ వాసన వచ్చింది. తడికట్టె పొగ.

ఆవం అంటుకుంది.

ఉల్యానా లేచింది. లేస్తానని ఆమె అనుకోలేదు, కాళ్ళే లేచాయి. బల్ల దాటింది, తల్లిని దాటింది, పగిలిన కుండపెంకుల మీద నుంచి నడిచింది. బయట మంచూ పొగా కలిసిపోయి మూడడుగుల అవతల ఏముందో తెలియడం లేదు. కట్టెల మొద్దు పక్కన రెండు గొడ్డళ్ళూ నేల మీద పడి ఉన్నాయి.

ఆవం నోటి ముందు ఒక్కడే మనిషి. ఇటు వీపు. భుజాల మీద ముతక ఉన్ని కోటు, అందరూ వేసుకునేలాంటిదే. నడుం వంచి లోపలికి ఊదుతున్నాడు. రెండోవాడు ఎక్కడా కనబడలేదు.

భర్త పేరు పెట్టి పిలవబోయింది. ముసలాడైతే? ముసలాడి పేరు పిలిచి, అతను కాకపోతే? రెండు పేర్లూ నోట్లోనే ఆగిపోయాయి. అంటించినవాడు ఎవరైనా, ఇప్పుడు అతని పేరు ఒక్కటే.

"హొంచార్!" అంది.

లోపల మంట పట్టుకున్న చప్పుడు.

ఆ మనిషి వంగినవాడు వంగినట్టే ఒక్క క్షణం ఉండిపోయాడు. తరవాత నెమ్మదిగా తల తిప్పాడు.